బ్రైడీకి వంగని తుపాకీ

మా మామగారు డూగల్ మక్‌రే తుపాకీ లైసెన్సు గడువు ఆ ఏప్రిల్‌తో తీరిపోతుంది. పదేళ్ళకోసారి కొత్తది తీసుకోవాలి. ఇచ్చే ముందు లైసెన్సుల ఆఫీసు నుంచి ఒక మనిషి ఇంటికొచ్చి, వంటింట్లో కూర్చుని ముందు ఆయనతో మాట్లాడుతుంది. తర్వాత ఆయన్ని బయటికి పంపి, ఇంట్లోవాళ్ళలో ఒకరిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతుంది, ఈ మనిషి చేతిలో తుపాకీ ఉంటే మీకేం భయం లేదా అని. కిందటిసారి ఆ కుర్చీలో మా అత్తగారు కూర్చున్నారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈసారి కూర్చోవలసింది నేను. మంగళవారం పదింటికి వస్తానని నైరీ టిపా అనే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది.

అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదంటే అందుకే.

మామగారికి డెబ్బై ఎనిమిది. మానియోటోటో లోయలో మా గొర్రెలకి కొండ మీద ఇంకా గడ్డి మిగిలిందంటే అందులో సగం ఆయన చలవే. ఇక్కడ కుందేలంటే పిల్లల బొమ్మల పుస్తకంలో జంతువు కాదు. పది చేరాయంటే ఒక గొర్రె మేత మేసేస్తాయి. ఆయన రోజూ పొద్దున్నే కుక్కనీ రైఫిల్‌నీ పికప్ బండిలో వేసుకుని కొండ వెనక్కి వెళ్తారు, పదకొండింటికి టీ వేళకి వస్తారు. సెలవుల్లో అయితే మా అమ్మాయి బ్రైడీ కూడా ఆయన వెంటే. గొర్రెల పనీ కంచెల పనీ అన్నీ మా ఆయన క్రెయిగ్ చేతికొచ్చేశాయి. మామగారికి మిగిలింది ఆ కుందేళ్ళే.

"అది కూడా పోయిందనుకో, ఈ ఇంట్లో నేను తినడానికో నోరు, అంతే కదమ్మాయ్," అన్నారొకసారి, కప్పులోకి చూస్తూ. నవ్వారు కూడా. ఆ నవ్వు నేను నమ్మలేదు.

పైగా ఈ లోయలో పిల్లలందరికీ తుపాకీ పట్టుకోవడం నేర్పింది ఆయనే. డనీడిన్ పట్నంలో పుట్టిపెరిగి కోడలిగా వచ్చిన నాకూ ఆయనే నేర్పారు. నా చేతులు వణికితే ఒక్కసారీ విసుక్కోలేదు. ఉన్ని కత్తిరించే షెడ్డులో నెల్లాళ్ళపాటు ఉత్తి తుపాకీ ఇచ్చి పుచ్చుకోవడమే మా పాఠం. ఇచ్చేవాడు తెరిచి చూసి "ఖాళీ" అనాలి. పుచ్చుకునేవాడు ఆ మాట నమ్మకుండా మళ్ళీ తెరిచి చూడాలి. ఇచ్చింది కన్నతండ్రయినా సరే, పోలీసయినా సరే. చూడకుండా పుచ్చుకుంటే ఆయన మాట్లాడకుండా తుపాకీ వెనక్కి తీసేసుకునేవారు, ఇక ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే. మొదటి వారంలో నాకు నాలుగు రోజులు అలాగే అయిపోయింది.

అలాంటి మనిషి క్రిస్మస్ వెళ్ళిన వారానికి కుక్కని కొండ మీదే వదిలేసి ఇంటికొచ్చారు. అది మధ్యాహ్నానికి నాలుక వేలాడేసుకుంటూ దానంతటదే నడిచొచ్చింది. ఫిబ్రవరిలో రైఫిల్ బోల్టు, అంటే గుండు వెనక మూసే ఇనప కడ్డీ, కనబడలేదని ఇల్లంతా గాలిస్తే ఫ్రిజ్‌లో వెన్న పక్కన దొరికింది. "చల్లబెడితే గురి బాగా కుదురుతుంది," అన్నారు. అందరం పగలబడి నవ్వాం. నవ్వినందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

క్రెయిగ్‌తో అంటే, "ముసలాయన, మర్చిపోతాడు. నువ్వు కారు తాళాలు మర్చిపోవూ?" అన్నాడు. కారు తాళాలు మనుషుల్ని చంపవు కదా అన్నాను. "నీకేం అనిపిస్తే అది చెప్పుకో, నన్ను మధ్యలోకి లాగకు," అని బూట్లేసుకుని గొర్రెల దగ్గరికి పోయాడు. కన్నకొడుకు చేతులు దులిపేసుకున్నాక కోడలు చెప్పాలిట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈలోగా బ్రైడీకి పదేళ్ళు నిండాయి.

మా వైపు పదేళ్ళు నిండితే ఎయిర్ రైఫిల్. దానికి లైసెన్సు అక్కర్లేదు, పక్కన పెద్దవాళ్ళుంటే చాలు. కొనిపెట్టేది తాతగారే. మంగళవారానికి ముందు శనివారం నాడు మామగారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్రైడీని వెంటేసుకుని బండి దగ్గర నిలబడ్డారు. నేను తాళాలు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"తుపాకీ కొనడానికా, ఊరేగింపుకా? నువ్వెందుకమ్మాయ్?" అన్నారు.

"నా కూతురు కదా మామయ్యా. ముచ్చట నేనూ చూస్తా," అన్నాను.

తుపాకుల కొట్టు నడిపే నెవిల్ కూడా ఒకప్పుడు మామగారి షెడ్డులో పాఠం నేర్చుకున్నవాడే. ఆయన లోపలికి రాగానే బడిపిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. సంగతి విని బల్ల మీద రెండు రైఫిళ్ళు పెట్టాడు. రెండూ ఒక్క తరహావే. గొట్టాన్ని కిందికి వంచాలి, అలా వంచినప్పుడు లోపల స్ప్రింగు బిగుస్తుంది. గొట్టం మొదట్లో సీసపు గుండు ఒకటి పెట్టి మళ్ళీ పైకి మూసెయ్యాలి. మొదటిది పొట్టిగా, తేలిగ్గా, పిల్లల కోసమే చేసింది. పేల్చే మీట పొరపాటున కదలకుండా పక్కన అడ్డుగొళ్ళెం కూడా ఉంది. రెండోది పొడుగైనది, బరువైనది, ఎవరో వాడి అమ్మిన పాత మోడల్. కట్టె మటుకు నిగనిగలాడుతోంది. దానికి గొళ్ళెం లేదు.

బ్రైడీ తేలికదాన్ని మోకాలికి ఆనించి వంచింది. కాస్త గసబెట్టింది గానీ వంగింది. నెవిల్ గుండు పెట్టించి, కొట్టు వెనక ఇసుక బస్తాల మీదికి పేల్పించాడు.

"ఇది బొమ్మ. బఠానీలు ఊదుకునే గొట్టం నయం," అన్నారు మామగారు. "కుందేలుకి తగిలితే అది వెనక్కి తిరిగి, పిలిచారా అని అడుగుతుంది."

"ఆ పెద్దది ఇయ్యి తాతా," అంది బ్రైడీ.

పెద్దదాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగింది. కదల్లేదు. కట్టెని పొట్టకి ఆనించి, గొట్టం చివర పట్టుకుని వేలాడింది. మొహం ఎర్రబడింది, కాళ్ళు నేల మీంచి లేచాయి. గొట్టం బెత్తెడు దిగి మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. నెవిల్ గబుక్కున అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వదలకు తల్లీ, సగంలో వదిలితే వేళ్ళు పోతాయి. దీనికింకా మూడేళ్ళు ఆగాలి డూగల్. వంచలేని తుపాకీ ఎవరూ కొనకూడదని మీరే కదా చెప్పేవారు?"

"పిల్ల వంచక్కర్లేదు. నేను వంచి, గుండు పెట్టి, చేతికిస్తాను. ఇది పేలుస్తుంది," అన్నారాయన. ఆ గొట్టాన్ని ఒక్క ఊపులో దించి చూపించారు. డెబ్బై ఎనిమిదేళ్ళ భుజాలు. నాకు కూడా ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

"చూడవే," అంటూ బ్రైడీని దగ్గరికి లాక్కున్నారు. "గొట్టం బిగువుగా ఉందంటే తుపాకీ నిద్రపోతోంది. వదులుగా ఊగిందంటే స్ప్రింగు బిగిసి ఉంది, మేలుకునుంది. పేల్చేదాకా అది మళ్ళీ నిద్రపోదు. తెలిసిందా?"

"తెలిసింది తాతా."

"గొళ్ళెం లేనిది వద్దు మామయ్యా," అన్నాను నేను.

"గొళ్ళెం ఇక్కడుండాలి," అని వేలితో కణత మీద కొట్టుకున్నారు. "ఇనుములో కాదు."

"ఎన్నాళ్ళని మీరు వంచి ఇస్తారు? దానికది వంచుకోగలిగేది తీసుకుంటే మీరే పక్కన..."

మాట మధ్యలో ఆగిపోయాను. ఆయన నావైపు తిరిగి చూశారు. కోపం కాదు, భయం. ఇన్నేళ్ళలో ఆయన మొహంలో భయం నేనెప్పుడూ చూడలేదు.

"నేనే పక్కన ఉండక్కర్లేదు, అంతేగా?" అన్నారు నెమ్మదిగా. "ఆ పొట్టిదైతే ఆర్నెల్లలో నా అవసరం తీరిపోతుంది. ఇదైతే ఇంకో మూడు నాలుగేళ్ళు నేను కావాలి. మంగళవారం ఆవిడ వస్తోందని నాకు తెలియదనుకున్నావా? నీ మనసులో ఏముందో చెప్పు, జనీన్."

నెవిల్ బల్ల తుడవడం మొదలుపెట్టాడు. బ్రైడీ నన్నూ తాతనీ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడే చెప్పేయాల్సింది. పెద్దదే తీసుకోండి అన్నాను.

ఎందుకన్నానో దాచను. ఆయన దాన్ని ఎలా వాడతారో ఒక పూట కళ్ళారా చూస్తే మంగళవారం ఏం చెప్పాలో తేలిపోతుందని లోపల లెక్క వేసుకున్నాను. పరీక్ష పెట్టాను మా మామగారికి. ఆ పరీక్షకి నా కూతుర్ని వాడుకుంటున్నానని మాత్రం నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఉన్ని షెడ్డు కింద గడ్డి మైదానంలోకి వెళ్ళాం. బంకమట్టి గట్టు మీద డబ్బాలు నిలబెట్టారు. వాటికీ మాకూ మధ్య కంచె ఏదీ లేదు. ఎడంపక్క మాత్రం ఒక తీగల కంచె, దాని అవతల కుందేళ్ళ బొరియలున్న వాగు. నేను పికప్ వెనక పలక దించి దాని మీద కూర్చున్నాను, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని. టీ పోసుకోలేదు. ఆయన చేతులే చూస్తున్నాను.

మొదటిసారి వంచారు, గుండు పెట్టారు, మూశారు, ఇచ్చారు. బ్రైడీ పేల్చింది. గట్టు మీద మట్టి లేచింది. రెండోది డబ్బాకి తగిలింది. బ్రైడీ గంతులేస్తే ఆయన కూడా గంతులేశారు. ప్రతిసారీ పద్ధతిగా చేశారు, ఒక్కటి తప్పలేదు. మూడు, నాలుగు, అయిదు. అనవసరంగా ఆ మనిషిని అనుమానించానని సిగ్గుపడ్డాను.

ఆరోసారి వంచారు. గుండు పెట్టారు. మూశారు. అప్పుడే పక్క పొలం రైతు స్టూ నాలుగు చక్రాల బైకు మీద వచ్చాడు.

"ఏం డూగల్, మనవరాలితో కలిసి డబ్బాల మీద యుద్ధమా?"

"నువ్వూ వెళ్ళి నిలబడు, పెద్ద గురి కావాలి దానికి."

మాటల్లో పడ్డారు. పొట్టేలు సంగతి, రోడ్డు మీదికొచ్చిన గొర్రెల సంగతి, ఎవరింట్లోనో నూతిలో నీళ్ళు అడుగంటిన సంగతి. రైఫిల్ మామగారి మోచేతి వంపులో ఉంది, గొట్టం నేల వైపు. పది నిమిషాలు పైనే మాట్లాడుకున్నారు. బ్రైడీ గడ్డిలో కూర్చుని బూటు మీద మట్టి గీకుతోంది. స్టూ వెళ్ళిపోయాడు.

మామగారు ఒకసారి చుట్టూ చూశారు, ఎక్కడున్నారో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"పద, వాగు వైపు నిజం కుందేళ్ళేమన్నా ఉన్నాయేమో చూద్దాం," అన్నారు.

కంచె దాటాలంటే ఒక పద్ధతుంది. ఒకరి తర్వాత ఒకరు దాటాలి. తుపాకీ తెరిచి, ఖాళీ చేసి, గొట్టం మూతి ఎవరి వైపూ లేకుండా కంచె కింద అడ్డంగా పడుకోబెట్టాలి. ఇక్కడ మూడేళ్ళ పిల్లాడు కూడా చెప్తాడు ఆ సంగతి. బ్రైడీ ముందు తీగలెక్కి అవతలికి దూకింది.

"ఖాళీ," అన్నారు మామగారు.

తెరవలేదు.

వంగి, కట్టెని పట్టుకుని, మూతి ముందుగా రైఫిల్‌ని అడుగు తీగ కిందనుంచి అవతలికి తొయ్యడం మొదలుపెట్టారు. అవతల బ్రైడీ నిలబడి ఉంది.

ఆరుసార్లు వంచారు. అయిదుసార్లే చప్పుడైంది. నాకు తెలుసు. నోరు తెరిచాను. ఒకవేళ నేను లెక్క తప్పితేనో, అన్న ఆలోచన అడ్డం వచ్చింది. మనవరాలి ముందు ఆయన్ని ఉత్తినే అవమానించినట్టవుతుందేమో అనిపించింది. ఒక్క క్షణం, మహా అయితే రెండు. ఆ రెండు క్షణాలూ నేను ఆయన్ని పరీక్షిస్తూనే ఉన్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, క్రెయిగ్‌కి కూడా.

కంచె కింద ముళ్ళ కొమ్మ ఒకటి మీట చుట్టూ ఉన్న చట్రంలో ఇరుక్కుంది. మామగారు ఇంకాస్త గట్టిగా తోశారు. రైఫిల్ కదిలింది, ఆగింది.

"బ్రైడీ!" అని అరిచాను. పలక మీంచి దూకి పరిగెత్తాను.

నేను అరవకముందే బ్రైడీ పక్కకి జరిగిపోయింది. కంగారు లేదు, కేక లేదు. మూతి దారిలోంచి తప్పుకుని, పక్కనుంచి మోకాళ్ళ మీద కూర్చుని, "ఆగు తాతా, కొమ్మ అడ్డముంది, నేను తీస్తా," అంది. కొమ్మని రెండు వేళ్ళతో వెనక్కి వంచి వదిలించింది. గొట్టాన్ని వాగు వైపు తిప్పి, రైఫిల్‌ని పూర్తిగా తన వైపుకి లాక్కుంది. తెరిచింది. పొద్దున కొట్టులో వేలాడినా కదలని ఆ గొట్టం ఇప్పుడు చిటికెన వేలితో దించినట్టు దిగిపోయింది. నేను కంచె చేరేసరికి అది గొట్టం మొదట్లోంచి ఏదో గోటితో లాగి రబ్బరు బూటులోకి జారవిడిచింది. చకచకా మూసేసింది.

"ఖాళీ," అంది తాతతో.

మామగారు తీగలు దాటుతూ ఆ వైపు చూడలేదు. "మీ అమ్మేంటే అలా కేకలేస్తోంది?" అన్నారు.

"పాము అనుకుంది," అంది బ్రైడీ. మా దేశంలో పాములే లేవు.

నేను కంచె తీగ పట్టుకుని నిలబడిపోయాను. బ్రైడీ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దు అన్నట్టు. పదేళ్ళ పిల్ల నన్ను కళ్ళతో బతిమాలుతోంది.

వాగు గట్టు మీద కుందేలొకటి చెవులు నిక్కించి కూర్చుని ఉంది. "ఇటియ్యి, ఇటియ్యి," అని గుసగుసగా రైఫిల్ అందుకున్నారాయన. గుండు పెట్టడానికి గొట్టాన్ని బలంగా వంచబోయారు.

బలం అక్కర్లేకపోయింది. గొట్టం వదులుగా ఊగిపోయింది, చెయ్యి ఊతం తప్పి ఆయన ముందుకి తూలారు.

కుందేలు పారిపోయింది. ఆయన దాని వైపు చూడలేదు. గొట్టాన్ని పైకెత్తారు, దించారు. మళ్ళీ పైకెత్తారు, దించారు. తలుపు రెక్కలా ఊగుతోంది, తుపాకీ ఇంకా మేలుకునే ఉంది. కంచె కింద తను తోసిన చోటు చూశారు. అక్కడ గడ్డి మీద గీత పడి ఉంది. ఆ గీత ఎటు పోయిందో దాని వెంబడే చూపు కదిలింది, బ్రైడీ నిలబడిన చోటుదాకా.

"నేనే వంచాను తాతా," అంది బ్రైడీ గబగబా. "ఇప్పుడే, నువ్వు కంచె దాటుతుంటే. నాకు వచ్చేసింది వంచడం. నిజం."

ఆయన మనవరాలి చేతుల వైపు చూశారు. పొద్దున కొట్టులో అది గొట్టం పట్టుకుని వేలాడటం ఆయనా చూశారు, నేనూ చూశాను.

ఆయన ఒక గుండు పెట్టి, మూసి, వాగు మట్టిలోకి పేల్చేశారు. తెరిచి నా చేతికిచ్చారు. నేను చూసి తీసుకున్నాను. ఒక్కరే ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయారు. బండి ఎక్కమంటే వినబడనట్టు పోయారు.

ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర బ్రైడీ బూటు బోర్లించి, ఆ సీసపు గుండు బల్ల మీద పెట్టింది. ఏడుపు అప్పుడు మొదలైంది.

"ఆ లైసెన్సు ఆవిడకి చెప్పకమ్మా. లైసెన్సు తీసేస్తే తాత చచ్చిపోతాడు. నువ్వే అన్నావు నాన్నతో, అది పోతే ఆయన బతకడని. నేను విన్నాను."

"ఇది మొదటిసారేనా?" అన్నాను. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది, అడిగేశాను.

అది ముక్కు చీదుకుంది. "ఇది నాలుగోది. మూడుసార్లు తాత కుందేళ్ళ రైఫిల్‌లో. కొండ మీద. బండిలో పెట్టేటప్పుడు నేను చూసి తీసేస్తాను. తాతకి చెప్పలేదు. బాధపడతాడని."

సెలవుల్లో అది తాత వెంట పొద్దున్నే లేచి వెళ్ళిందంటే ముచ్చటపడేదాన్ని. కుందేళ్ళ మీద సరదా అనుకున్నాను. పిల్ల కాపలాకి వెళ్తోందని ఈ తల్లికి తెలియలేదు. దాన్ని ఒళ్ళోకి లాక్కుని నేనూ ఏడ్చాను.

ఆదివారం, సోమవారం మామగారు నాతో మాట్లాడలేదు. కొండ మీదికీ వెళ్ళలేదు. భోజనానికి వచ్చి, తిని, తన గదిలోకి పోయారు. ఆయనంతట ఆయన నైరీకి చెప్పేస్తారేమో, నాకు ఆ పాపం తప్పుతుందేమో అని రెండు రోజులూ ఆశపడ్డాను. అలా ఆశపడటం పిరికితనమని తెలుసు.

మంగళవారం పదింటికి నైరీ వచ్చింది. మనిషి నెమ్మదస్తురాలు, నవ్వు మొహం. ముందు మామగారితో కూర్చుంది. నేను బయట బట్టలు ఆరేస్తున్నాను. లోపల్నుంచి ఆయన నవ్వు వినిపించింది, ఆవిడ నవ్వూ వినిపించింది. ముప్పావుగంటకి ఆయన బయటికొచ్చి, నా మొహం చూడకుండా షెడ్డు వైపు వెళ్ళిపోయారు. చెప్పలేదని నాకర్థమైంది.

కుర్చీలో కూర్చున్నాను. నైరీ కాగితాలు సర్దుకుంది. "చాలా తెలిసిన మనిషి మీ మామగారు. ఈ లోయలో సగంమందికి ఆయనే నేర్పారటగా? నాకు పెద్దగా అడగడానికేమీ లేదు. ఆయన చేతిలో తుపాకీ ఉంటే, పక్కన మీ పాపుంటే, మీకేం బెంగ లేదు కదా?"

కలం అప్పటికే కాగితం మీద పెట్టింది, ఒక్క గీత గీస్తే అయిపోతుంది.

"మా పాప పక్కనుంది కాబట్టే ఇన్నాళ్ళూ ఏమీ కాలేదండీ," అన్నాను.

కలం ఎత్తేసింది. నేను మొత్తం చెప్పాను. కుక్కా, ఫ్రిజ్‌లో బోల్టూ, కొండ మీద మూడుసార్లూ, కంచె కింద రైఫిలూ. కొట్టులో నేను నోరు మూసుకున్న సంగతీ చెప్పాను. ఆవిడ రాసుకుని, వెళ్ళేటప్పుడు నా భుజం తట్టింది. ఆ ఓదార్పు నాకు అక్కర్లేదు.

షెడ్డులో మామగారు ఉన్ని బస్తా మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా తుపాకుల బీరువా తాళంచెవులున్నాయి.

"ఏం చెప్పావు?"

"జరిగింది చెప్పాను మామయ్యా."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అంతా బాగానే ఉందని చెప్పాను నేను," అన్నారు. "చెప్పేద్దామనే కూర్చున్నాను. ఆవిడ నవ్వు మొహం చూసేసరికి అబద్ధం దానంతటదే వచ్చేసింది. నువ్వు కూడా అదే చెప్పి ఉంటే రేపు పొద్దున్నే కొండెక్కేవాణ్ణి, జనీన్. దాన్ని వెంటబెట్టుకుని. అంతా తెలిసి కూడా." తాళంచెవులు నా వైపు తోశారు. "ఆ రైఫిల్ నెవిల్‌కి తిరిగిచ్చి, దానికి వంగేది తీసుకురా. నేను రాను."

"బ్రైడీకి ఏం చెప్పమంటారు?"

"నేను చెప్తాను," అన్నారు.

మూడున్నరకి బడి బస్సు రోడ్డు మలుపులో ఆగింది. ఆయన ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు. నేను కొంచెం వెనకాల ఆగాను. బ్రైడీ దిగి, తాత మొహం చూసి, నా మొహం చూసి, బ్యాగు కింద పడేసింది.

"చెప్పేశావు కదూ! చెప్పొద్దన్నానా!" అని నా మీదికి వచ్చింది. ఆయన దాని చెయ్యి పట్టుకుని ఆపారు.

"అమ్మనేమీ అనకు. అమ్మ నిజం చెప్పింది, అబద్ధం చెప్పింది నేను. నువ్వు నాలుగుసార్లు నా తుపాకీలో గుండు చూశావు, నాలుగుసార్లూ నోరు మూసుకున్నావు. నేను బాధపడతాననేగా?"

అది తల ఊపింది. కళ్ళనిండా నీళ్ళు.

"అలా చెయ్యకూడదే. అమ్మ నీకో రైఫిల్ తెస్తుంది. ఎవరి చేతిలో ఏ తుపాకీ చూసినా, లోపల గుండు కనబడిందంటే గట్టిగా అరవాలి. ఎంత పెద్దవాడైనా సరే. నా చేతిలోదైతే ఇంకా గట్టిగా అరవాలి."

బ్రైడీ జబ్బతో మొహం తుడుచుకుంది.

"ఇంక నీ చేతిలో ఉండదు కదా తాతా," అంది.

ఆయన కింద పడ్డ బ్యాగు తీసి దుమ్ము దులిపారు. బస్సు వెళ్ళిపోయింది.

"ఉండదు," అన్నారు.